ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడమా, ఒక్కరే కేసు వేయడమా?
కోనసీమలో కాపురాలు తెగేచోట తరచూ కనిపించేవి కట్నం పొలం తగువు, తాగుడు, గల్ఫ్ ఎడబాటు. ఇద్దరూ ఒప్పుకుంటే హిందూ వివాహ చట్టం 13-బి దారే మేలు. ఏడాది విడిగా ఉన్నాక ఉమ్మడి పిటిషన్ వేయాలి, ఆరు నెలలాగి మళ్లీ అడగాలి. 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం తగిన కేసుల్లో జడ్జి ఆ ఆరు నెలల గడువు మినహాయించవచ్చు. ఎక్కువగా చెడేది ఒప్పందం దగ్గర: బంగారం ఎన్ని కాసులో, పొలం సర్వే నంబరేమిటో, పిల్లల ఖర్చెంతో రాయించుకోరు. "ఇచ్చేస్తాంలెండి" అన్న పెద్దల మాటతో సంతకం పెట్టకండి.

ఒక్కరే కోరితే సెక్షన్ 13. క్రూరత్వమో, రెండేళ్లుగా వదిలేయడమో సాక్ష్యాలతో రుజువు చేయాలి; ఏళ్లు పట్టొచ్చు. భర్త ఒప్పుకునే కువైట్ పంపిన భార్య మీద "వదిలేసింది" అన్న కేసు నిలవడం కష్టం. ఇంటికి డబ్బు పంపిన రసీదులు ఆమె తప్పక దాచుకోవాలి.