అంగ్‌కోర్ మూడు రోజుల టికెట్టు: ఒక్క రోజుది కొనకండి

కంబోడియాలో అంగ్‌కోర్ ఆలయాలు చూడడానికి మూడు రకాల టికెట్లు అమ్ముతారు. ఒక రోజుది 37 డాలర్లు, మూడు రోజులది 62, ఏడు రోజులది 72. అక్కా నేనూ మూడు రోజులది తీసుకున్నాం. మనిషికి అయిదు వేల రూపాయలు దాటింది. "గుళ్లు చూడడానికి ఇంతా?" అని అక్క కౌంటరు దగ్గరే వెనక్కి తగ్గబోయింది. మూడో రోజు సాయంత్రం, ఏడు రోజులది కొనుక్కోవలసిందని అన్నదీ తనే.

నాలుగేళ్ల క్రితం మేమిద్దరం ఒక ట్రావెల్స్ వారి ప్యాకేజీలో సింగపూర్, మలేషియా వెళ్లాం. అయిదు రోజుల్లో పద్దెనిమిది చోట్లు తిప్పారు. ఎక్కడా అరగంటకు మించి నిలవనివ్వలేదు. తిరిగి వచ్చాక ఫోటోలు చూసుకుంటుంటే ఏ భవనం ఏ ఊరిదో ఇద్దరికీ తెలియలేదు. ఇప్పుడు అక్కకు అరవై ఆరు. మోకాళ్ల నొప్పులు. అందుకే ఈసారి ఒక్క ఊరే, అంగ్‌కోర్ పక్కనున్న సియెం రీప్‌లో ఆరు రాత్రులు అని రాజమండ్రిలో ఉండగానే గట్టిగా అనుకున్నాం.

ఆ నిర్ణయానికి ఈ టికెట్టు సరిగ్గా సరిపోయింది. మూడు రోజులనూ వరుసగా వాడుకోవలసిన పని లేదు. పది రోజుల లోపల ఏ మూడు రోజులైనా సరే. ఒక రోజు తిరిగి, ఒక రోజు కాళ్లు చాపుకుని పడుకుని, మళ్లీ బయలుదేరవచ్చు. వయసు మీరిన వాళ్లకు ఇంతకన్నా మంచి ఏర్పాటు నేను ఎక్కడా చూడలేదు. టికెట్టు మీద మన ఫోటో ముద్రిస్తారు, గుడి గుడికీ చూపించాలి కాబట్టి జాగ్రత్తగా దాచుకోండి. ప్రతి టికెట్టులోంచి రెండు డాలర్లు కాంతా బోఫా పిల్లల ఆసుపత్రులకు వెళ్తాయని తెలిశాక అక్క ధర గురించి ఇక మాట్లాడలేదు.

అంగ్‌కోర్ వాట్ గుడిని తెల్లవారుజామున అయిదింటికే తెరుస్తారు. గోపురాల వెనక నుంచి సూర్యుడు రావడం చూడాలని వందల మంది చేరతారు. వెలుతురు బాగా పరుచుకోగానే చాలామంది ఉపాహారానికి హోటళ్లకు వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. మేం ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలు, అక్కడ కొన్న అరటిపళ్లు చెరువు గట్టున తిని లోపలికి వెళ్లేసరికి, శిల్పాల వసారాలో చీపురుతో ఊడుస్తున్న ఒక ఆమె తప్ప ఎవరూ లేరు.

పన్నెండో శతాబ్దం మొదటి భాగంలో కంబోడియాను ఏలిన ఖ్మేర్ రాజు రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన గుడి ఇది. పడమటి ముఖంగా ఉంటుంది. లోపలికి అడుగు పెట్టగానే అక్క అలవాటు కొద్దీ ఎడమకు తిరిగింది, ప్రదక్షిణం కదా. అటువైపు లంకాయుద్ధం ఉంది. హనుమంతుడి భుజాల మీద నిలబడిన రాముడు, వెనక లక్ష్మణుడు, విభీషణుడు. అవతల రథం మీద ఇరవై చేతుల రావణుడు. కానీ ఇక్కడి శిల్పాల వరుస అప్రదక్షిణంగా సాగుతుందని నేను చదువుకుని వెళ్లాను. కుడివైపు తిరిగితే మొదట వచ్చేది కురుక్షేత్రం. అక్కను వెనక్కి పిలిచాను. గుడిలో అలా తిరగడానికి తన మనసు ఒప్పుకోలేదు. "కథ చూసి వచ్చి, తర్వాత నీ ప్రదక్షిణం చేసుకో" అంటే వచ్చింది.

ఆ గోడ పొడవు దాదాపు యాభై మీటర్లు. ఎడమ నుంచి కౌరవసేన, కుడి నుంచి పాండవసేన నడిచి వచ్చి నడుమ ఢీకొంటాయి. చివర్లలో సైనికులు అడుగులు కలిపి నింపాదిగా సాగుతుంటారు. మధ్యకు వచ్చేకొద్దీ వరుసలు చెదిరి, గుర్రాలు, రథాలు, మనుషులు ఒకరి మీద ఒకరు పడిపోతుంటారు. అక్క కౌరవసేన వెంట నడుస్తూ ఒకచోట ఆగింది. "చూడవే, భీష్ముడు!" అంది. ఒంటినిండా బాణాలతో పడుకున్న పెద్దాయన, చుట్టూ తనవాళ్లు. మాకు ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు మా నాన్నగారు భీష్మ ఏకాదశి నాడు ఆ ఘట్టం చదివి వినిపించేవారు, అంతే. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందట ఖ్మేర్ శిల్పి చెక్కిన మనిషిని చూపు పడగానే గుర్తుపట్టి అక్క కళ్లు తుడుచుకుంది. అరగంట అక్కడే నేల మీద కూర్చున్నాం. ఈలోగా ఒక గుంపు వచ్చింది. వాళ్లకు ఇది యుద్ధమని చెప్పి, ఫోటో తీయించి, గైడు రెండు నిమిషాల్లో తీసుకుపోయాడు. నాకు నిజంగా బాధ కలిగింది.

తూర్పు గోడ మీద క్షీరసాగర మథనం. ఒక పక్క 92 మంది అసురులు, మరో పక్క 88 మంది దేవతలు, నడుమ కూర్మం మీద మందరగిరి, విష్ణువు. కొండ దగ్గరికి వచ్చేకొద్దీ నీళ్లలోని చేపలు, మొసళ్లు ఆ సుడికి తెగి ముక్కలై కనిపిస్తాయి. అంత ఉధృతంగా చిలికితే అందులోని ప్రాణులు ఏమవుతాయని మాకు కథ చెప్పినవారెవరూ అనలేదు. ఈ శిల్పి ఆలోచించాడు. వాసుకి తోక చివర దేవతల సరసన ఒక కోతి కూడా ఉంది, హనుమంతుడంటారు. మథనంలో ఆయనకేం పని అని అక్క చాలాసేపు వాదించింది. నాకైతే ఆ గోడంతటిలో అదే ఎక్కువ నచ్చింది.

అన్నిటికన్నా పై అంతస్తుకు మెట్లు చాలా నిటారుగా ఉంటాయి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. బౌద్ధుల పర్వదినాల్లో అక్కడికి పంపరు. నేను ఎక్కాను, అక్క కింద చల్లటి రాతి మీద కూర్చుంది.

మర్నాడు పూర్తిగా విశ్రాంతి. ఆ తర్వాత బయాన్ గుడి. అక్కడి రాతి ముఖాల కోసమే అందరూ వెళ్తారు గానీ, బయటి గోడల దగ్గర ఆగండి. పొరుగు రాజ్యమైన చామ్‌ల సైన్యంతో పడవల యుద్ధం పక్కనే అంగడి, వంటలు, కోడిపందెం ఉంటాయి. ఆ కోడిపందెం ముందు గోదావరి జిల్లాల వాళ్లు తేలికగా కదలలేరు. చెట్ల వేళ్లు గోడలను చుట్టేసిన తా ప్రోమ్ గుడిలో జనం విపరీతం. అక్కడి మరమ్మతుల్లో మన పురావస్తు శాఖ పాలుపంచుకుందని తెలిసి సంతోషం వేసింది.

మూడో రోజంతా బంతేయ్ స్రేయ్‌కే ఇచ్చాం. 967లో ప్రతిష్ఠించిన శివాలయం, ఎర్రటి ఇసుకరాయి. ఊరికి దూరం కాబట్టి ఒక రోజు టికెట్టు వాళ్లు ఎక్కువగా వదిలేస్తారు. మిగతా గుళ్లతో పోలిస్తే చాలా చిన్నది, చెక్కడం మాత్రం నగల పనిలా ఉంటుంది. రావణుడు కైలాసాన్ని కదిలించడం, ఖాండవ దహనం అక్కడ చూడండి.

శాకాహారులకు ఒక హెచ్చరిక. కూరల్లోనే కాదు, ఉట్టి కూరగాయల వేపుడులోనూ చేపలతో చేసే సాస్ పోస్తారు. ముందే అడగాలి. చిరుగు పట్టిన డాలరు నోటును ఎవరూ తీసుకోరు, అది కూడా చూసుకుని వెళ్లండి.

బంతేయ్ స్రేయ్ నుంచి వస్తుండగా దారిలో తీపి వాసన తగిలి, టుక్‌టుక్ ఆపమని అక్క డ్రైవరు భుజం తట్టింది. రోడ్డు పక్కన పెద్ద మూకుడులో తాటినీరు కాగుతోంది. తాటిబెల్లం! తాటాకు పొట్లాల్లో కట్టిన బిళ్లలు అరడజను కొన్నాం. అందులో చివరిది నిన్ననే పాలలో వేసుకున్నాం.