కట్టకి ఏ మట్టి మేలు: ఇసుక మట్టా, నల్లరేగడా, ఎర్ర గరపా?

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు గట్లు తెగి విజయవాడను ముంచినప్పటి నుంచి తెలిసినవాళ్ళు నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. చేపల చెరువుకో, పొలంలో కుంటకో కట్ట పోయించాలి, ఏ మట్టి తోలించమంటారు అని. గుంటూరు వైపు మా పొలంలో కుంట కట్టను నిరుడు తవ్వించి మళ్ళీ పోయించాల్సి వచ్చింది. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

నీళ్ళు పైనుంచి పొర్లి కట్టను కోసేయడం అందరికీ తెలుసు. లోపలి కోత వేరు. కట్ట బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల ఊటనీరు సన్న రేణువుల్ని కొద్దికొద్దిగా మోసుకుపోతుంటుంది. ఊట అసలు లేని మట్టికట్ట ఉండదు. తేట నీళ్ళు వస్తుంటే నాకు భయం లేదు, బురద నీళ్ళు వస్తుంటే మాత్రం టెన్షనే. ఏ మట్టినైనా నేను ఒకటే అడుగుతాను: లోపల రేణువు కదిలితే దాన్ని ఆపేది ఏముంది?

కృష్ణ లంకల్లో దొరికే దువ్వలో, అంటే సన్న ఇసుక మట్టిలో, ఆపేది ఏమీ లేదు. రేణువుని రేణువు పట్టుకోదు. ఊట పైకి తన్నే చోట, ఒక అడుగు మందం ఇసుకకి ఒక అడుగు నీటి ఒత్తిడి చేరిందంటే ఇసుక బరువు తేలిపోయి ఉడికినట్టు లేస్తుంది. అందుకే ఇసుక మీద కట్టే ఆనకట్టల పునాదుల కింద నీటి దారిని పొడుగు చేస్తారు. బ్లై అనే ఇంజనీరు పాత లెక్క ప్రకారం సన్న ఇసుకలో ఒక అడుగు నీటి ఎత్తుకి 15 అడుగుల దారి ఉండాలి. ఆరడుగుల నీటికి 90 అడుగులు! పొలంలో అంత చోటు ఎవరు వదులుతారు? ఇసుకలో ఒక్క మంచి గుణం ఉంది. బుంగ పడితే దాని కప్పు నిలవదు, కూలి మూసుకుపోతుంది, కట్ట అక్కడ కుంగి మనకి కనిపిస్తుంది.

మా దగ్గర ఎక్కువమంది నమ్మేది నల్లరేగడిని. జిగట మట్టి, నీళ్ళు పట్టి ఉంచుతుంది, పొలంలోనే దొరుకుతుంది, తోలకం ఖర్చు లేదు. నేనూ మొదట దానితోనే పోయించాను. మే నెలలో కుంట ఎండింది, కట్ట నెర్రెలు విచ్చింది, కొన్నిచోట్ల చెయ్యి మోచేతి దాకా దూరింది. తొలకరి వానలకి పైన తడిసి నెర్రె పూడినట్టే కనిపించింది. లోపల పూడలేదు. కుంట నిండిన నాలుగో రోజు కట్ట అవతల బురద నీళ్ళు. సాయంత్రానికి వేలు పట్టే బుంగ పిడికిలంత అయింది. రేగడితో వచ్చే చిక్కు ఇదే. రేణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఒకసారి పడిన బుంగ కూలదు, గొట్టంలా తెరుచుకునే ఉండి గోడలు అరిగి పెద్దదవుతుంది. పందికొక్కు బొరియైనా, తూము గొట్టం పక్కన సరిగా దిమ్మిస కొట్టని సందైనా అంతే.

జిగట మట్టిలో మరీ చెడ్డది చవుడు. సోడియం ఎక్కువ ఉండటంతో అందులోని రేణువులు నిలిచి ఉన్న నీళ్ళలోనే విడిపోతాయి, కోతకి ప్రవాహం కూడా అక్కర్లేదు. మట్టి కొనేముందు గ్లాసులో వాననీళ్ళు పోసి, బఠాణీగింజంత బెడ్డ వెయ్యండి, కదపకండి. బెడ్డ విరిగి కుప్పగా కూర్చుంటే పరవాలేదు. చుట్టూ పాలలా తెల్లమబ్బు కమ్మితే ఆ మట్టి వద్దు.

డెల్టా రైతులు చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది. పైన రేగడి, కింద ఇసుక పొర. కిందున్న ఇసుక ఊటతో జారిపోతుంటే పైనున్న జిగట పొర కప్పులా నిలబడి దారి తెరిచి ఉంచుతుంది. కట్ట ఎంత మంచి మట్టితో పోసినా ఇక్కడ పనికిరాదు. ముందు నడిమధ్యన కందకం తీసి, ఇసుక పొర దాటేదాకా జిగట మట్టితో పూడ్చాలి.

ఈసారి నేను తోలించింది ఎర్ర గరప. ఇసుక, సన్న రాయి, జిగటమట్టి మూడూ కలిసినది. అంతగా నెర్రెలు విచ్చదు. రేణువులు అన్ని సైజుల్లో ఉంటాయి కాబట్టి సన్నది కదిలితే దానికంటే కాస్త పెద్దది అడ్డుపడుతుంది. గరప పేరుతో కంకరా, దుమ్ములాంటి ఇసుకా మాత్రమే అంటగడుతుంటారు, మధ్య సైజు ఉండదు. అందులో కంకర కదలదు, దుమ్ము సందుల్లోంచి జారిపోతుంది. టిప్పర్ దింపకముందే చేత్తో నలిపి చూడండి. గరపకి ఖర్చు ఎక్కువే, కానీ రెండోసారి పోయించిన ఖర్చు ముందు అది తక్కువ.

ప్లాస్టిక్ షీటు చిన్న కుంటలకి సరే, ఎలుకలు కొరకనంత కాలం. సిమెంటు లైనింగ్ రేగడి నేల మీద పగులుతుంది.

ఏ మట్టైనా సరే, కట్ట వెనక, అంటే నీళ్ళు లేని వైపు, అడుగున ఫిల్టరు తప్పనిసరి. ముందు ఇసుక, దాని వెనక చిన్న కంకర. టెర్జాఘీ అనే ఇంజనీరు చెప్పిన నియమం ప్రకారం ఫిల్టర్లోని సన్న రేణువులు, కట్ట మట్టిలోని పెద్ద రేణువులకి నాలుగైదు రెట్లు మించకూడదు. అప్పుడు నీళ్ళు బయటికి పోతాయి, మట్టి ఆగిపోతుంది. నాకు ఒక్కదానికే డబ్బుంటే గరప మానేసి, ఉన్న రేగడికే ఫిల్టరు పెట్టిస్తాను.

రేపు మీ కట్ట వెనక బురద ఊట కనిపిస్తే దాని నోరు మట్టితో మూసేయకండి, నీరు పక్కన ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇసుక బస్తాలు చుట్టూ గుండ్రంగా పేర్చి లోపల నీటి మట్టం పెరగనివ్వండి, నోటి మీద ఇసుక, ఆపైన కంకర పోయండి. మా కుంట వెనక ఇప్పటికీ ఊట ఉంది. వారానికోసారి గ్లాసులో పట్టి అడుగున మడ్డి చేరిందేమో చూస్తున్నాను.