డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా? ముందు స్టోరేజీ సంగతి చూడండి

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే మా చుట్టాల్లో ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. ఈసారి పిన్ని చేసింది. "తమ్ముడికి సీటొచ్చిందిరా. ల్యాప్‌టాప్ కొనమంటావా, డెస్క్‌టాప్ కొనమంటావా? షాపులో 512 జీబీది చూపించారు, సరిపోతుందా?" అందరూ ఎన్ని జీబీలని అడుగుతారు. అది ఊడి బయటికొస్తుందా అని ఎవరూ అడగరు. నేను మాత్రం ముందు అదే చూడమంటాను.

మా ఇంట్లో రెండు కంప్యూటర్లు పోయాయి. మొదటిది పాత డెస్క్‌టాప్. ఓ వానాకాలం రాత్రి దగ్గర్లో పిడుగు పడి మదర్‌బోర్డు కాలిపోయింది. మర్నాడు పక్క మూత విప్పి, హార్డ్ డిస్క్‌కున్న రెండు కేబుళ్లు పీకి, స్నేహితుడి డెస్క్‌టాప్‌కి తగిలించాం. అరగంటలో ఫైళ్లన్నీ కనిపించాయి. రెండోది తక్కువ ధరలో వచ్చిన పల్చటి ల్యాప్‌టాప్. గ్లాసుడు మంచినీళ్లు ఒలికాయి, మళ్లీ ఆన్ కాలేదు. స్టోరేజీ ఒక్కటి తీసిమ్మంటే సర్వీస్ సెంటర్ అతను బోర్డు చూపించాడు. ఈఎంఎంసీ అనే చిన్న చిప్పు, బోర్డుకే సోల్డరింగ్ చేసి ఉంది. "బోర్డు మారుస్తాం సార్, డేటా మాత్రం రాదు" అన్నాడు. నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఇంకో కాపీ తీసి పెట్టుకోలేదు. చుట్టాల వాట్సాప్‌ల నుంచి కొన్ని ఏరుకున్నాం. వాటిని పెద్దవి చేసి చూస్తే మొహాలు అలికేసినట్టు ఉంటాయి.

అప్పటినుంచి ఏ మెషీన్ చూసినా నాకు ఒకటే ప్రశ్న. ఇది పాడైన రోజున ఇందులోని డిస్క్‌ను నా చేత్తో తీసుకోగలనా?

ఈ లెక్కలో డెస్క్‌టాప్‌దే పైచేయి. చౌక మదర్‌బోర్డుల మీద కూడా సాధారణంగా డిస్కుల కేబుళ్లు తగిలించే సాటా పోర్టులు నాలుగు, కొత్తవైతే చిన్న కార్డులాంటి డిస్క్‌ను నేరుగా గుచ్చే ఎం.2 స్లాటు కూడా ఉంటాయి. విండోస్‌కి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే డిస్క్), ఫొటోలకూ వీడియోలకూ మూడున్నర అంగుళాల పెద్ద హార్డ్ డిస్క్, రెండూ పెట్టుకోవచ్చు. నిండితే ఇంకోటి తగిలించుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో అంత చోటుండదు. ఒకప్పుడు డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ ఖాళీలో రెండో డిస్క్ పెట్టించుకునేవాళ్లు. ఇప్పుడు చాలావాటిలో ఉండేది ఒక్క ఎం.2 స్లాటే. అందులో 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవున్న ఎస్‌ఎస్‌డీ ఒక్క స్క్రూతో బిగించి ఉంటుంది. ఇలా ఉంటే భయం లేదు. తీసి యూఎస్‌బీ కేసింగ్‌లో పెడితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. బాగా చౌక మోడళ్లలో ఈఎంఎంసీ ఉందేమో మాత్రం అడిగి తెలుసుకోండి. ఇప్పటి మ్యాక్‌బుక్‌లలోనూ స్టోరేజీ బోర్డు మీదే ఉంటుంది. మంచి మెషీన్లే, కానీ వాటిని కొన్న రోజే బ్యాకప్ డ్రైవ్ కూడా కొనాలి.

ఇక్కడ చాలామందికి తెలియని ముఖ్యమైన సంగతి ఒకటుంది. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి చాలావరకు ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే ఫైళ్లు చదవడానికి వీల్లేకుండా వేసే తాళం, దానంతటదే ఆన్ అయి ఉంటుంది. డిస్క్ తీసి వేరే దాంట్లో పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే దాన్ని చూసి కాగితం మీద రాసుకోండి. అది లేకపోతే డిస్క్ చేతిలో ఉన్నా ఒక్క ఫైలూ తెరుచుకోదు.

ఇక హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా? వేగంలో పోలికే లేదు. హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 150 ఎంబీ చదువుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ 550 దాకా, ఎం.2 స్లాటులో పెట్టే ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ మామూలుదైనా 3,500 దాకా వెళ్తుంది. విండోస్ ఎస్‌ఎస్‌డీలోనే ఉండాలి, దాని మీద నాకు రెండో మాట లేదు. కానీ దాచుకునే వాటికి నేను ఇప్పటికీ హార్డ్ డిస్క్‌నే నమ్ముతాను. చాలాసార్లు అది పోయే ముందు ఏదో ఒకటి చెబుతుంది. టిక్ టిక్‌మంటుంది, ఫైలు కాపీ అవుతూ అవుతూ ఆగుతుంది, బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్క్ మీద పాడైన చోట్లు, పెరుగుతాయి. ఎస్‌ఎస్‌డీ ఏ సూచనా లేకుండా ఒక పొద్దున అసలు కనిపించకుండా పోవచ్చు. పొరపాటున చెరిపేసిన ఫైలు హార్డ్ డిస్క్‌లో తిరిగి దొరికే అవకాశం ఎక్కువ. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు ఉంటుంది కాబట్టి చెరిపిన చోటు త్వరలోనే శుభ్రమైపోతుంది. అయితే హార్డ్ డిస్క్ డెస్క్‌టాప్‌లోనే బాగుంటుంది. తిరిగే పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో హెడ్ తేలుతూ ఉంటుంది. ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ను మంచం మీంచి టేబుల్ మీదికి విసురుగా పెడితే ఆ దెబ్బ దానికే తగలొచ్చు. మూలన కదలకుండా కూర్చునే డెస్క్‌టాప్‌కి ఆ టెన్షన్ లేదు.

ల్యాప్‌టాప్‌కి కలిసొచ్చేవీ ఉన్నాయి. కరెంటు పోతే బ్యాటరీ ఆదుకుంటుంది, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ కొనాల్సిందే. హాస్టల్లో ఉండే పిల్లలకు వేరే దారి లేదు. ఆల్ ఇన్ వన్ (తెర వెనకే కంప్యూటరంతా ఉండేది), మినీ పీసీ (చిన్న డబ్బాలాంటి కంప్యూటర్) అని కూడా అడుగుతుంటారు. ఇంట్లో చోటు బాగా తక్కువైతే తప్ప నేను వాటి జోలికి వెళ్లను.

నేను మొన్న డెస్క్‌టాపే తీసుకున్నాను. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనోయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి విడిభాగాలు కొని అసెంబుల్ చేయించాను. 500 జీబీ ఎన్‌వీఎంఈ, దానికి తోడు 2 టీబీ హార్డ్ డిస్క్. ఆ హార్డ్ డిస్క్‌లో ఉన్నవన్నీ నెలకోసారి ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని విడిగా బీరువాలో పెడుతున్నాను.

తమ్ముడిది హాస్టలే కాబట్టి వాడికి ల్యాప్‌టాపే తీసుకున్నారు. షాపులో పిన్ని ధర కన్నా ముందు "స్టోరేజీ ఊడదీయొచ్చా బాబూ?" అని అడిగిందట. అతను లోపలికెళ్లి కనుక్కొచ్చి, ఎం.2 స్లాటే ఉందని చెప్పాక బేరం మొదలుపెట్టింది. ఇంటికొచ్చాక ఫోన్‌లో నేను చెబుతుంటే తమ్ముడు ఆ 48 అంకెలూ ఒక తెల్లకాగితం మీద రాశాడు. బాబాయి దాన్ని పొలం కాగితాల ఫైల్లో పెట్టాడు.