లార్వాలను చంపాలా, పెద్ద దోమలనా: లెక్క ఎటు మొగ్గుతుంది?

సికింద్రాబాద్‌లో 1897లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాస్, ఆ తర్వాత గణితం పట్టుకున్నారు. ఒక్క దోమా మిగలకుండా చంపనక్కర్లేదు, సంఖ్యను ఒక హద్దు కిందికి తెస్తే మలేరియా తనే ఆరిపోతుందని చూపించారు. ఆయన మొగ్గు నీళ్లలోని లార్వాల, అంటే ఇంకా రెక్కలు రాని దోమ పిల్లల వైపు. 1950ల్లో మలేరియా శాస్త్రవేత్త జార్జ్ మెక్‌డొనాల్డ్ అదే లెక్కను విస్తరించి, పెద్ద దోమల్ని చంపమన్నారు.

ఎందుకంటే, రోగిని కుట్టిన దోమ వెంటనే జబ్బు అంటించలేదు. పరాన్నజీవి లోపల పెరిగి దాని లాలాజలంలోకి చేరడానికి సుమారు పది రోజులు కావాలి. అంటే మనకు ప్రమాదం ముసలి దోమలతోనే.

రోజూ నూటికి 90 దోమలు మర్నాటికి బతుకుతాయనుకుందాం. పది రోజులు దాటేవి దాదాపు 35. గోడలకు మందు కొట్టి ఆ 90ని 80కి దించితే దాటేవి 11 మాత్రమే, పైగా దాటినవాటికి మిగిలే ఆయుష్షు కూడా సగానికి పడిపోతుంది. మొత్తమ్మీద వ్యాప్తి ఏడో వంతుకు దిగుతుంది. అదే లార్వాల మందుతో పుట్టే దోమలు సగమైతే, వ్యాప్తీ సగమే తగ్గుతుంది.

దోమతెర మధ్యస్థం. రోగిని ఒకసారి, ఆరోగ్యవంతుణ్ణి ఒకసారి కుట్టాలి కాబట్టి, కాట్లు సగమైతే వ్యాప్తి నాలుగో వంతుకు వస్తుంది. మందు పూసిన తెరైతే దోమ కూడా చస్తుంది, రెండు లాభాలు.

ఇంత చూశాక పెద్ద దోమలకే ఓటు వేయాలనిపిస్తుంది. 1955లో మొదలైన ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా నిర్మూలన కార్యక్రమం గోడలకు కొట్టే డీడీటీ మందును నమ్ముకోవడానికి ఈ లెక్క పెద్ద బలం. కానీ సమీకరణంలో ఖర్చు లేదు, దోమలు మందుకు అలవాటుపడటం లేదు, గోడ మీద వాలకుండా బయటే తిరిగే జాతులూ లేవు. బ్రెజిల్‌లోకి ఆఫ్రికా నుంచి చొరబడిన అనాఫిలిస్ గాంబియే అనే మలేరియా దోమను 1940 నాటికి తుడిచిపెట్టడంలో ప్రధాన ఆయుధం లార్వాల మందే.

అందుకే నా మాట: రాత్రి ఇంట్లో కుట్టి గోడ మీద వాలే దోమైతే మందు, తెర. డెంగీ మోసే ఈడిస్ పగలు కుడుతుంది, నిల్వ నీటి పాత్రల్లో పుడుతుంది కాబట్టి అక్కడ ఆ నీళ్లు పారబోయడమే ముందు. ఫాగింగ్‌ను మాత్రం మెక్‌డొనాల్డ్ ఖాతాలో వేయకండి. ఆయన లెక్కకు రోజూ చావు పెరగాలి. పొగ ఆ పూట ఎగిరేవాటినే చంపుతుంది, నాలుగు రోజుల్లో కొత్తవి వచ్చేస్తాయి.