చిన్న వ్యాపారానికి నమ్మకమైన ఫ్రీలాన్సర్: ఆన్‌లైన్ వేదికా, తెలిసినవారి సిఫారసా, ఏజెన్సీయా - ఏది మేలు?

కొద్దిమందితో నడిచే వ్యాపారంలో వెబ్‌సైట్, డిజైన్, ఖాతాల నమోదు, ప్రకటనల రాత వంటి పనులకు పూర్తికాలపు ఉద్యోగిని పెట్టుకునేంత పని ఉండదు, యజమాని స్వయంగా చేసుకునేంత తీరికా ఉండదు. పనిని బయటివారికి అప్పగించక తప్పదు. వారిని వెతకడానికి ఉన్న మూడు దారులను ఇక్కడ నైపుణ్యంతో కాక నమ్మకంతో తూచి చూస్తున్నాను. చెప్పిన రోజుకు పని అందించడం, అందించలేకపోతే ఆ మాట ముందే చెప్పడం, పని ముగిశాక అసలు ఫైళ్లన్నీ అప్పగించడం: నమ్మకమంటే నా లెక్కలో ఈ మూడే. పెద్ద సంస్థలో ఒకరు పని మధ్యలో వదిలేస్తే మరొకరు అందుకుంటారు, కానీ చిన్న వ్యాపారంలో ఆ పని అక్కడే నిలిచిపోతుంది.

మొదట, పని ఇచ్చేవారినీ చేసేవారినీ కలిపే ఆన్‌లైన్ వేదికల సంగతి. 1999లో మొదలైన ఈలాన్స్, 2003లో మొదలైన ఓడెస్క్ కలిసిపోయి 2015లో అప్‌వర్క్ అనే పేరు తీసుకున్నాయి. ఫైవర్ 2010లో వచ్చింది. వీటిలో లక్షల మంది దొరుకుతారన్నది నిజమే గాని, యజమానికి అసలైన రక్షణ ఆ సంఖ్యలో లేదు, సొమ్ము చేతులు మారే పద్ధతిలో ఉంది. అప్‌వర్క్‌లో మొత్తం ధరకు ఒప్పుకున్న పనిని దశలుగా విడగొట్టి, ఒక్కో దశకు సరిపడా సొమ్మును ఎస్క్రోలో, అంటే ఆమోదం వచ్చేదాకా సొమ్మును పట్టి ఉంచే ఖాతాలో, ఉంచితే, పని చూసి ఆమోదించాకే అది అవతలివారికి చేరుతుంది. గంటల లెక్కన ఇచ్చే పనికి అయితే, పని గంటలను లెక్కించే ట్రాకర్ అనే సాఫ్ట్‌వేర్ నడుస్తున్నంతసేపు పది నిమిషాలకు ఒకటి చొప్పున స్క్రీన్‌షాట్ నమోదవుతుంది.

ఈ రక్షణకు ఒక గడువు ఉందన్న సంగతిని మాత్రం చాలామంది యజమానులు గమనించరు. అప్‌వర్క్‌లో పని సమర్పించాక 14 రోజులలోగా స్పందించకపోతే సొమ్ము దానంతటదే విడుదలవుతుంది. ఫైవర్‌లో ఆ గడువు సాధారణంగా 3 రోజులే. వ్యాపారపు హడావిడిలో పడి తెరిచి చూడని పని ఆమోదించిన పనిగా మారిపోతుంది కాబట్టి, పని అందిన రోజునే పరిశీలించే తీరిక లేనివారికి వేదిక ఇచ్చే భద్రత సగమే. రేటింగుల మీద కూడా ఎక్కువ భారం వేయకూడదు. అత్యధికులకు అయిదుకు దగ్గరగానే ఉండే ఆ అంకెల కన్నా, అదే యజమాని రెండోసారి, మూడోసారి పని ఇచ్చాడా అన్నది ఎక్కువ చెబుతుంది. ఫైవర్ అమ్మకందారు సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది, ఆ భారం మనం చూసే ధరలో కలిసే ఉంటుంది. అప్‌వర్క్‌లో పరిచయమైన వ్యక్తితో మొదటి రెండేళ్లలో బయట నేరుగా లావాదేవీ పెట్టుకోవాలంటే వేదికకు విడిగా రుసుము చెల్లించాలి.

తెలిసినవారి సిఫారసుకు ఉన్న బలం వేరు. పని చెడితే తనను చెప్పి పంపినవారి ముందు కూడా తలవంచుకోవలసి వస్తుందన్న జంకు ఆ వ్యక్తిని జాగ్రత్తగా ఉంచుతుంది, ఏ రేటింగూ చేయలేని పని అది. అయితే సిఫారసు చేసేవారు తరచుగా మనిషి మంచితనానికి హామీ ఇస్తారే తప్ప, మనకు కావలసిన పనికి కాదు. అందుకే "బాగా చేస్తారా?" అని అడగడం కన్నా, "మీకు ఏ పని చేశారు, ఎక్కడైనా తేడా వచ్చినప్పుడు ఎలా సర్దారు, మళ్లీ పని ఇచ్చారా?" అని అడగడం ఎంతో మేలు.

సిఫారసులో అసలు ప్రమాదం మొహమాటం. తెలిసినవారి ద్వారా వచ్చిన వ్యక్తి ముందు కాగితం పెట్టడానికి మనసొప్పక, గడువులు, సవరణల సంఖ్య, చెల్లింపు దశలు అన్నీ నోటిమాటగానే వదిలేస్తారు. హక్కుల విషయంలో ఇది మరీ నష్టం. డబ్బు చెల్లించాం గనుక లోగో మనదే అనుకుంటాం గాని, చాలా దేశాల చట్టాల ప్రకారం స్వతంత్రంగా పనిచేసినవారి సృష్టిపై కాపీరైటు, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే, వారిదిగానే ఉంటుంది. ఒక సంస్థ కోరికపై శిల్పం చెక్కిన కళాకారుడు ఆ సంస్థకు ఉద్యోగి కాడనీ, స్వతంత్ర కాంట్రాక్టరనీ, కాబట్టి ఉద్యోగి చేసిన పనిగా దాని కాపీరైటు సంస్థకు దక్కదనీ అమెరికా సుప్రీంకోర్టు 1989లో తేల్చింది. అప్‌వర్క్ సాధారణ నిబంధనలలో చెల్లింపుతో పాటు హక్కులూ బదిలీ అయ్యే ఏర్పాటు ఉంది. నేరుగా ఇచ్చే పనిలో ఆ వాక్యాన్ని మనమే రాసుకోవాలి.

ఏజెన్సీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒకరు మానేస్తే మరొకరిని పెట్టే బాధ్యత వారిదే కావడం పెద్ద సౌకర్యం, కానీ ఖర్చు ఎక్కువ. మొదట మనతో మాట్లాడినవారే పని చేస్తారన్న హామీ ఉండదు, చిన్న వ్యాపారి వంతు తరచుగా చివరికే వస్తుంది. ఒక్కరోజు ఆగినా వ్యాపారం స్తంభించే పనికి తప్ప దీన్ని నేను సూచించను.

నా తీర్పు ఇది. ఆరంభం, ముగింపు స్పష్టంగా ఉన్న ఒక్కసారి పనికి వేదిక మేలు. నెలనెలా సాగే పనికీ, ఖాతాలు, కొనుగోలుదారుల వివరాలు చేతికివ్వవలసిన పనికీ సిఫారసు మేలు. ఏ దారిలో వచ్చినవారికైనా ముందు అసలు పనిలోనే ఒక చిన్న భాగాన్ని, తగిన డబ్బు చెల్లించి, అప్పగించి చూడాలి. ఉచితంగా నమూనా అడిగితే చేతినిండా పని ఉన్న సమర్థులు తప్పుకుంటారు. ఆ చిన్న పనిలో ఫలితంతో పాటు, మొదలుపెట్టే ముందు వారు ఏయే ప్రశ్నలు అడిగారో గమనించాలి. ఏ ప్రశ్నా లేకుండా వెంటనే ఒప్పుకున్నవారి కన్నా, గడువు సరిపోదని మొదటిరోజే చెప్పినవారు నాకు ఎక్కువ నమ్మదగినవారు. డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా), హోస్టింగ్ (వెబ్‌సైట్‌ను ఉంచే చోటు) యజమాని పేరుతోనే ఉండాలి. పాస్‌వర్డ్ ఇవ్వకుండా విడిగా లాగిన్ ఇచ్చి, పని ముగిసిన రోజే దాన్ని తొలగించాలి.

సిఫారసుగా వచ్చినది దగ్గరి బంధువైతే మాత్రం నా తీర్పు తిరగబడుతుంది. గడువు దాటిందని గట్టిగా అడగలేని చోట, అవసరమైతే పని ఆపమని చెప్పలేని చోట, నెలనెలా సాగే పనికైనా వేదిక మీది అపరిచితుడే మేలు.