నీడ తోటకు వైల్డ్ జింజర్: బేర్ రూట్ కొనాలా, కుండీ మొక్కా?

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో మేపుల్, ఓక్ చెట్ల కింద గడ్డి బతకదు. ఆ చోటికి అక్కడి అడవి మొక్కే అయిన, నేల మీద పాకే వైల్డ్ జింజర్ చక్కగా సరిపోతుంది. నర్సరీలు దీన్ని రెండు రకాలుగా అమ్ముతున్నాయి.

బేర్ రూట్, అంటే మట్టి లేకుండా ఇచ్చే వేరు కొమ్ము, చవక. కొమ్ము గట్టిగా, కొసన మొగ్గతో ఉండాలి. మెత్తబడితే కుళ్లింది, ముడతలు పడితే ఎండింది అని అర్థం. అందగానే నాటకపోతే ఎండిపోయి డబ్బు దండగ కావచ్చు. కుండీ మొక్క ఖరీదెక్కువైనా వేర్లు ఎండవు కాబట్టి కొత్తవాళ్లకు అదే మేలు.

నేలను లోతుగా తవ్వకండి, చెట్టు వేర్లు తెగుతాయి. బేర్ రూట్ కొమ్మును అడ్డంగా, అంగుళానికి మించని లోతులో, 12 అంగుళాల ఎడంతో పెట్టాలి. పైన 2 అంగుళాల ఆకుమట్టి చాలు. బెరడు ముక్కలు మందంగా పోస్తే మొగ్గ పైకి రాలేదు. మొదటి వేసవిలో నేల ఆరిపోతే ఆకులు వాలిపోతాయి. ఆకుల్లో చిల్లులు పడితే నత్తల పనే. చలికాలంలో ఆకులన్నీ పోతాయి, మొక్క చచ్చిందని పీకేయొద్దు. పాకడం నిదానమే. త్వరగా నేల నిండాలంటే ఇది నిరాశపరుస్తుంది.

లేబుల్ మీద దీని శాస్త్రీయ నామం ‘ఆసారం కెనడెన్స్’ అని ఉందో లేదో చూడండి. నిగనిగలాడే ఆకులుంటే అది యూరప్ రకం కావచ్చు. అడవిలో తవ్వి తెచ్చినవి కాక, నర్సరీలోనే పెంచినవి అడగండి. వాసన అల్లంలాగే ఉన్నా వంటలో, టీలో వేయకూడదు. ఇందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.