పక్క నక్షత్రాన్ని పీల్చే జంటల వేటకి జెడ్‌టీఎఫ్ ఉచిత డేటా: 5కి 4

తోడు నక్షత్రం నుంచి గ్యాస్ లాగేసుకునే శ్వేత కుబ్జ తారలున్న (చనిపోయిన నక్షత్రాల చిన్న, చిక్కటి అవశేషాలు) జంటల్ని, అంటే క్యాటక్లిస్మిక్ వేరియబుల్స్‌ని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వెతకాలంటే జెడ్‌టీఎఫ్ (జ్వికీ ట్రాన్సియెంట్ ఫెసిలిటీ అనే ఆకాశ సర్వే) లైట్ కర్వ్ సర్వీసుని, అంటే నక్షత్రం వెలుగు కాలంతో ఎలా మారిందో ఇచ్చేదాన్ని, మించింది నాకైతే కనపడలేదు. పైసా ఖర్చు లేదు. కానీ దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే సగం దారిలో ఆగిపోతారు, అది ముందే చెప్పేస్తున్నా.

కాలిఫోర్నియాలో పాలోమార్ కొండ మీదున్న 48 అంగుళాల టెలిస్కోపుకి ఒక్క ఫొటోలో 47 చదరపు డిగ్రీల ఆకాశం పట్టే కెమెరా బిగించి 2018 నుంచి ఉత్తరాకాశాన్ని మళ్ళీ మళ్ళీ తీస్తున్నారు. 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌కే దాదాపు 20.5 మ్యాగ్నిట్యూడ్ దాకా అందుతుంది (ఇది వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ). మనం కోఆర్డినేట్లు ఇస్తే చాలు, ఆ నక్షత్రం ఇన్నేళ్ళుగా ఎప్పుడెంత వెలిగిందో టేబుల్ వచ్చేస్తుంది.

డ్వార్ఫ్ నోవా (ఈ జంటల్లోనే ఉండుండి ఎగసిపడే రకం) లైట్ కర్వ్ ఒక్కటి చూస్తే ఇక వదలబుద్ధి కాదు. వారాల తరబడి 19 దగ్గర కదలకుండా ఉన్నది ఉన్నట్టుండి 15కి ఎగబాకి, కొన్ని రోజులు అక్కడే ఉండి, మెల్లగా దిగుతుంది. లాగిన గ్యాస్ నేరుగా కుబ్జతార మీద పడదు, చుట్టూ డిస్క్‌లా పేరుకుంటుంది, వేడి ఒక హద్దు దాటి హైడ్రోజన్ అయనీకరణ చెందగానే గ్యాస్ జోరుగా లోపలికి జారుతుంది, మనకి కనిపించే వెలుగు అదే. ఎర్ర మరుగుజ్జు తార మంట కూడా ఇలాగే ఎగురుతుంది గానీ గంటల్లో చల్లారిపోతుంది, మీకు ఒక్క పాయింట్ మిగిలితే గొప్ప. డ్వార్ఫ్ నోవా మాత్రం జీ (ఆకుపచ్చ), ఆర్ (ఎరుపు) ఫిల్టర్లు రెండింట్లోనూ రోజుల తరబడి నిలబడుతుంది, పైగా ఎగసినప్పుడు రెండు ఫిల్టర్ల మ్యాగ్నిట్యూడ్ల తేడా దాదాపు సున్నాకి వచ్చేస్తుంది, అంత నీలంగా మారుతుందన్నమాట.

ఇక తలనొప్పులు. ఒకే నక్షత్రం వేర్వేరు ఫీల్డుల్లో పడితే వేర్వేరు ఐడీలు ఇస్తారు, కలుపుకోవడం మన పనే (రేటింగులో ఒక స్టార్ కోసింది ఇందుకే). పాయింట్ బాగుందో లేదో చెప్పే క్యాట్‌ఫ్లాగ్స్ కాలమ్ చూసి చెడ్డ పాయింట్లు తీసేయకపోతే మబ్బుల్ని కూడా గ్రహణాలనుకుంటారు (జంటలో ఒకటి రెండోదాన్ని కప్పేయడం). పోల్చడానికి వాడే రిఫరెన్స్ ఇమేజ్‌లో లేని మసక తారకి అసలు లైట్ కర్వే ఉండదు, వాటికి అలర్ట్ బ్రోకర్లనో (కొత్త మార్పుల హెచ్చరికల్ని పంచే సైట్లు) ఫోర్స్‌డ్ ఫొటోమెట్రీనో (చెప్పిన చోటే ప్రతి ఫొటోలో వెలుగు కొలవడం) చూసుకోవాలి. మరీ ప్రకాశవంతమైనవీ కుదరవు: 1896లో కనుగొన్న ఎస్ఎస్ సిగ్నీ 12 నుంచి 8కి ఎగురుతుంది, ఈ కెమెరాకి అది మరీ ఎక్కువ. దాని కోసం ఏఏవీఎస్ఓ (వెలుగు మారే నక్షత్రాల్ని గమనించేవాళ్ళ సంఘం) పరిశీలకుల లెక్కలే దిక్కు.

కక్ష్యా కాలం (జంట ఒక చుట్టు తిరిగే సమయం) దొరకడం అదృష్టం. గ్రహణాలుంటే చెల్లాచెదురు పాయింట్లని ఒక చుట్టు లెక్కన మడిచి ఒకదానిమీద ఒకటి పేర్చినా తేలుతుంది. 2022లో ప్రకటించిన 51 నిమిషాల జంట, జెడ్‌టీఎఫ్ జే1813+4251, ఈ డేటాలో దొరికిందే. హైడ్రోజన్ గ్యాస్ లాగే మామూలు జంటలకి సుమారు 80 నిమిషాలే కనిష్ఠం కాబట్టి అది మామూలు విషయం కాదు. గ్రహణాలు లేకపోతే డిస్క్ మినుకుల్లో కాలం కలిసిపోతుంది, నాసా టెస్ అంతరిక్ష టెలిస్కోపు డేటా చూద్దామంటే దాని ఒక్కో పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్లు, పక్క నక్షత్రాలన్నీ దూరిపోతాయి.

అందుకే ముందు గయా ఉపగ్రహం కొలతలతో గీసిన రంగు–కాంతి పటంలో ప్రధాన శ్రేణికీ (సూర్యుడిలాంటి మామూలు నక్షత్రాల వరుస) శ్వేత కుబ్జాలకీ మధ్య పడినవాటిని ఏరుకుని, ఆ తర్వాతే ఇక్కడికి రండి. నచ్చిన కర్వ్ దొరికితే ఎగిరి గంతేసే ముందు వీఎస్ఎక్స్ (తెలిసిన వేరియబుల్ నక్షత్రాల) జాబితా చూడండి, చాలావరకు ఎవరో ఒకరు ఎప్పుడో పట్టేసి ఉంటారు. అందులో లేకపోతే స్పెక్ట్రమ్ తీయగలిగేవాళ్ళని పట్టుకోండి, హైడ్రోజన్ ఉద్గార రేఖలు కనిపించేదాకా అది అనుమానితుడే.